పగటిపూట మూసిన తలుపు

మా ఇంట్లో పగలు వీధి తలుపులు మూయరు, ఎవరైనా పోతే తప్ప. తోటలు చాలావరకు చేతులు మారాయి. పలాసలోని మా జీడిపప్పు ఫ్యాక్టరీకి వేరేవాళ్ళ బోర్డు వచ్చింది. అయినా తెల్లారగానే ఆ తలుపులు తెరవడం మాత్రం మానలేదు.

ఆ బోర్డు వచ్చాకే నాకు జబ్బు మొదలైంది. పలాస వెళ్ళే బస్సు ఫ్యాక్టరీ దగ్గరపడేసరికి గొంతు బిగుసుకుపోయేది, చేతులు చల్లబడేవి, ఊపిరి అందేది కాదు. మధ్యలోనే దిగిపోయి వెనక్కి వచ్చేసేవాణ్ణి. కిడ్నీ జబ్బులు ఎక్కువైన మా ఉద్దానంలో ఒంట్లో ఏం తేడా చేసినా ముందు కిడ్నీలే గుర్తొస్తాయి. పలాసలో ఉండే మా అక్క అప్పటికే డయాలసిస్ చేయించుకుంటోంది. నేనూ టెక్కలిలో పరీక్షలు చేయించుకున్నాను. కిడ్నీలు, గుండె బాగానే ఉన్నాయి. "ఇది ఆందోళన. కౌన్సిలర్‌తో మాట్లాడండి" అన్నాడు డాక్టరు. నమస్కారం పెట్టి వచ్చేశాను. మా వంశంలో కష్టం పరాయివాళ్ళకు చెప్పుకున్నవాళ్ళు లేరు.

నా భార్య ఊరుకోలేదు. "వదినగారు మిమ్మల్ని సూడాలని రోజూ అడుగుతన్నారు. ఎన్నాళ్ళని పనులున్నాయని సెప్తారు? ఆవిడకేటైనా అయితే ఆ గుమ్మంలోకి ఏ మొహంతో ఎల్తారు?" అంది. విశాఖపట్నంలో ఉన్న ఒక కౌన్సిలర్‌తో వీడియో కాల్‌కి తనే ఏర్పాటు చేసింది.

గంజిపెట్టిన చొక్కా వేసుకుని, హాల్లో తాతగారి కుర్చీలో కూర్చున్నాను. తెరమీద మా అమ్మాయి ఈడు మనిషి. నేను సలహాలకు సిద్ధపడి ఉన్నాను, ఆమె ఒక్కటీ ఇవ్వలేదు. మీరు చెప్పింది నా దగ్గరే ఉంటుంది, ప్రాణాపాయం ఉందనిపిస్తే మాత్రం మీవాళ్ళకు చెప్పాల్సి వస్తుంది, ఎవరికి చెప్పమంటారు, అని అడిగింది. కాల్ కట్ అయితే తనే మళ్ళీ చేస్తానంది. ఇష్టంలేని ప్రశ్నకు జవాబివ్వక్కర్లేదంది. ఎందుకు వచ్చారని అడిగితే నేను ముత్తాతగారి దగ్గర మొదలుపెట్టాను. ఓపికగా విని, "ఇప్పుడు మీ సంగతి చెప్పండి సర్" అంది.

సరిగ్గా అప్పుడే మా కొబ్బరిచెట్లు ఎక్కే ముసలాయన వచ్చి గుమ్మం దగ్గర చతికిలబడ్డాడు. "ఏటి బాబూ, టీవీవోళ్ళా? కొబ్బరికాయ రేటు మరీ పడిపోనాది, అది కూడా సెప్పండి!"

మా గుమ్మంలోకి వచ్చినవాణ్ణి వెళ్ళమనడం మాకు తెలియదు. మిగిలిన సమయమంతా ఆమెకు కొబ్బరి రేట్లు చెప్పాను.

చివర్లో, "ఆ తలుపు మూసుకోవడం కుదరదా సర్?" అంది.

"మా ఇంట్లో మూయరమ్మా."

"పోనీ, మూసుకునే తలుపున్న చోటు ఇంకేదైనా ఉందా?"

పెరట్లో కొబ్బరికాయలు పోసే కొట్టు ఉంది. పై వారం అందులో నా భార్య ఒక పీట వేసి, "ఇంత ముస్తాబై కొట్లోకా! కాయలకి పెళ్ళిచూపులా?" అని నవ్వి తలుపు మూసి వెళ్ళింది. ఫోన్‌ను కాయల గుట్టకు ఆనించాను. పీచు వాసన, సగం చీకటి. "నాకు భయంగా ఉందమ్మా" అన్నాను. నా నోట ఆ మాట రావడం నేను అంతకుముందు వినలేదు.

ఆమె జాలి పడలేదు. ఇల్లు ఎక్కడ కారుతోందని అడిగినట్టు, "ఆ భయం ఒంట్లో ముందు ఎక్కడ తెలుస్తుంది?" అని అడిగింది. గొంతులో అన్నాను. ఆ రోజంతా గొంతు గురించే మాట్లాడుకున్నాం. బయటికి వచ్చేసరికి బాగా ఆకలేసింది.

అన్ని వారాలూ అలా లేవు. ఒకసారి విసుగొచ్చి మానేస్తానన్నాను. "మానేయొచ్చు సర్. ఎందుకో చెబితే నాకూ తెలుస్తుంది" అంది. చెబుతూ చెబుతూ మానడం మరిచిపోయాను. తర్వాత ఇద్దరం అనుకుని, ముందు బస్సులో పలాస దారిలోని పూండి దాకా వెళ్ళి వచ్చాను. ఆ తర్వాత ఇంకొంచెం దూరం. భయం వస్తే దిగిపోవద్దు, ఊపిరి నెమ్మదిగా వదులుతూ కూర్చుంటే అదే తగ్గుతుందంది.

చివరికి ఒకరోజు బస్సు ఫ్యాక్టరీ ముందు నుంచి వెళ్ళింది. కిటికీలోంచి జీడిగింజలు కాలుతున్న వాసన వచ్చింది, మా రోజుల్లో వచ్చినట్టే. గొంతు పట్టేసింది. దిగలేదు. కాసేపటికి వదిలేసింది.

అక్క మంచంమీద కూర్చుని ఉంది, బాగా చిక్కిపోయి. "ఏటిరా, ఇన్నాళ్ళకి దారి దొరికిందేటి?" అంది. పనులున్నాయని చెప్పబోయి ఆగి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. బస్సులోంచి దిగిపోవడం, కొబ్బరి కొట్టు, అన్నీ. కొట్టు సంగతి వచ్చేసరికి అక్క పడీపడీ నవ్వింది. తర్వాత వీధివైపు చూసి గొంతు తగ్గించింది. పుట్టింటి అలవాటు, తన తలుపులూ బార్లా తెరిచే ఉన్నాయి.

"మిషన్ మీద పడుకున్నప్పుడల్లా నాకూ భయమేత్తదిరా. మీ బావకి సెప్పలేదు" అంది.

నేను లేచి వెళ్ళి వీధి తలుపు మూసి వచ్చాను.

"సెప్పక్కా" అన్నాను.