దించని బస్తాలు

చిన్న పికప్ బండితో లారీ చాకిరీ చేయిస్తాడని అందరూ అతన్ని మొండోడు అనేవారు. బండి కుంగకుండా వెనక చక్రాల మీది కమాను స్ప్రింగులకి అదనపు పట్టీలు వేయించాడు. ఇనుప చువ్వలు నిండా వేసుకుని, చెడిపోయిన కారుని వెనక తాడుకి కట్టుకుని మరీ లాక్కొచ్చేవాడు. "నా బండి కాదనడం ఎరగదు" అని బానెట్ తట్టి మురిసిపోయేవాడు. ఒక్కటే చిక్కు. బరువుంటేనే అది మెత్తగా పోతుంది. ఖాళీగా ఉంటే ప్రతి గుంటకీ మనిషిని ఎత్తి కుదేస్తుంది.

ఓ మధ్యాహ్నం అతని భార్యకి కడుపునొప్పి మెలిపెట్టేసింది. ఆసుపత్రికని బయల్దేరితే, వీధి చివరికి రాకముందే కెవ్వుమంది. "ఆపవయ్యా, ఈ కుదుపులకే నా ప్రాణం పోయేలా ఉంది!" అతను బండి ఆపి, పక్కన గోడ కడుతున్న చోటి నుంచి ఇసుక బస్తాలు ఒక్కొక్కటే మోసుకొచ్చి వెనక నింపాడు. "ఇంకా ఎంతసేపు?" అని ఆవిడ అడుగుతూనే ఉంది. "అయిపోవచ్చిందే, కాస్త ఓర్చుకో" అంటూనే మరో బస్తా ఎత్తాడు.

ఆ తర్వాత బండి ఉయ్యాలలా సాగింది. "చూశావా, కుదుపే లేదు" అన్నాడు గర్వంగా. ఆవిడ ఊఁ కొట్టింది. ఆసుపత్రి మలుపులో మళ్లీ అదే మాట అన్నాడు. ఈసారి ఊఁ కొట్టలేదు.

ఇప్పుడెవరైనా సరుకు వేయమని వస్తే, బండిలో చోటు లేదంటాడు. ఆ బస్తాలు ఇంకా దించలేదు.