ఆజం ఆగే చోటు

కల్లూరులో పగిడయ్య బ్యాండుమేళం అంటే జనానికి ముందు గుర్తొచ్చేది పగిడయ్య కాదు, ఆజం క్లారినెట్. ఈ మాట పగిడయ్యకు గిట్టదు గానీ ఉన్నమాటే. మేళం వ్యాను తోలేది నేనే కాబట్టి నాకు తెలుసు. కరోనా సోకి ఆజం బతికి బయటపడ్డాడు కానీ పాత ఊపిరి తిరిగి రాలేదు. ఒక చరణం ఊదితే కళ్లు తిరిగేవి.

"మళ్లా దాన్ని నోట్లె పెడితే నా మీద ఒట్టే," అంది అతని భార్య సుమయ్య. క్లారినెట్‌ను బీరువాలో పెట్టి తాళం తన దగ్గరే ఉంచుకుంది.

పగిడయ్య అతన్ని పంపేయలేదు, సైడ్ డ్రమ్ మెడకు తగిలించాడు. అంతటి వాయిద్యగాడికి డ్రమ్ము ఇవ్వడమంటే పెళ్లికొడుకు మేనమామను బండ్ల దగ్గర కాపలా ఉండమన్నట్టే. నాకైతే ఒళ్లు మండింది. ఆజం మాత్రం పట్టీ సర్దుకుని కర్రలు అందుకున్నాడు.

చిక్కల్లా ఏమిటంటే, అతను డ్రమ్మును కూడా ఊదినట్టే వాయించేవాడు. పాటలో ఎక్కడ గాలి పీల్చుకునేవాడో అక్కడ చేతులు ఆగిపోయేవి. ఆడేవాళ్లు ఎత్తిన కాలు ఎక్కడ పెట్టాలో తెలియక తడబడేవాళ్లు.

"కర్రలకు ఊపిరెందుకయ్యా? ఏంది గిది?" అని పగిడయ్య కసిరాడు.

"నేను ఆపుతలేనన్నా. చెయ్యే ఆగుతున్నది."

"అశ్వారావుపేట పెళ్లిల గూడ గిట్లనే ఆపితే, ఇంక వేరే పని చూసుకో."

పాపం, ఇంట్లో దిండు మీద కర్రలతో కొట్టికొట్టి ఆగకుండా వాయించడం నేర్చుకున్నాడు. ఆ పెళ్లి ఊరేగింపులో దెబ్బ ఎక్కడా తెగలేదు. పగిడయ్య పెద్ద డ్రమ్ము మోగిస్తూ మురిసిపోయాడు.

అప్పుడు పెళ్లికొడుకు నాయనమ్మ ఆదెమ్మ ఆడదామని ముందుకొచ్చింది. ఆమె కూడా కరోనాలో ఖమ్మం దవాఖానాలో ఆక్సిజన్ మీద ఉండి బయటపడిన మనిషే. నాలుగడుగులు వేసిందో లేదో, గుండె మీద చెయ్యి పెట్టుకుని పెళ్లికొడుకు కూర్చున్న ట్రాక్టరును ఆనుకుంది.

"మీరు ఆడున్రి. నాకు దమ్మొస్తంది," అంటూ నవ్వబోయింది.

ఆ ఆయాసం ఏమిటో ఆజంకు ఒకరు చెప్పాలా? వెళ్లి ఆమె ఎదురుగా నిలబడి కాసేపు వాయించి ఆపాడు. ఆమె గాలి పీల్చుకున్నాక మళ్లీ అందుకున్నాడు. ఇన్నాళ్లూ తన ఊపిరి కోసం ఆగిన చెయ్యి ఇప్పుడు ఆమె ఊపిరి చూసి ఆగుతోంది. ఆదెమ్మ ట్రాక్టరు వదిలి అడుగు వేసింది.

"ఏంది బ్యాండూ, నిద్రపోయిన్రా?" అని కుర్రాళ్లు అరిచారు.

"నోర్ముయ్యున్రి! నాకు ఇప్పుడే ఊపిరి అందుతున్నది," అని ఆదెమ్మ గదమాయించింది.

ఆజం ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. అతను కూడా అదే అనుకుని ఉంటాడు, వెనక్కి తిరిగి చూడలేదు. పగిడయ్య పెద్ద డ్రమ్ముతో విసవిసా అతని పక్కకు వచ్చాడు. ఏదో అనబోయి ఆదెమ్మను చూశాడు. ఆమె నడుం మీద చెయ్యి వేసుకుని ఊపిరి తీసుకుంటోంది. పగిడయ్య కర్ర పైకెత్తి, ఆమె మళ్లీ అడుగు వేసేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.