నొప్పి మాత్ర మందు కాదనుకున్న మనిషి

మా మేనత్త పోయింది. పోయిన సోమవారం పొద్దున డయాలసిస్‌కు వెళ్ళడానికి చీర మార్చుకుని, కొడుకు ఆటో తెచ్చేదాకా మంచం మీద కూర్చుందట. అతను తిరిగొచ్చేసరికి కూర్చున్న చోటే పక్కకు ఒరిగిపోయి ఉంది. నేను బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో బస్సు దిగి ఆఫీసులోకి పోతుంటే ఫోన్ వచ్చింది. "అమ్మ పోయినాది, రా" అన్నాడు మా బావ. ఇంకేమీ చెప్పలేదు. ఆటో అప్పటికి ఇంటి ముందే నిలబడి ఉందని, డ్రైవరు లోపలికి వచ్చి ఆమెను సరిగ్గా పడుకోబెట్టడానికి చెయ్యి వేశాడని తర్వాత తెలిసింది.

ఆమె పేపర్లో పేరు పడే మనిషి కాదు. పీణ్యలో ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చెకింగ్ సెక్షన్‌లో పనిచేసి రిటైరైంది. మా తాతల కాలంలోనే అనంతపురం వైపు నుంచి మగ్గాలతో బెంగళూరు వచ్చి స్థిరపడిన కుటుంబం మాది. మగ్గం మూలబడ్డాక ఇంట్లో మొదట ఫ్యాక్టరీ మెట్లెక్కిన ఆడమనిషి ఆమే. చెకింగ్ అంటే కూర్చుని చేసే పని కాదు. ఎత్తు బల్ల ముందు రోజంతా నిలబడి, కుట్టి వచ్చిన చొక్కాల్లో తప్పిన కుట్లు, మరకలు, వేలాడే దారాలు వెతకాలి. ఆ అలవాటు ఆమెను చివరిదాకా వదల్లేదు. పెళ్ళికి పోతే పెళ్ళికొడుకు కాలరు దగ్గర దారం కనిపించినా సరే, అక్షింతలు వేసే చేత్తోనే దాన్ని పుటుక్కున తెంపేది. ఆఫీసుకు కొత్తగా కొన్న ఏ కుర్తానూ ఆమె చూడకుండా నేను వేసుకున్నది లేదు.

యాభై దాటాక ఆమెకు మోకాళ్ళు పట్టేశాయి. పొద్దున లేస్తే మంచం దిగడానికే గోడ పట్టుకోవాలి. ఫ్యాక్టరీ బస్సు మెట్టు ఎత్తుగా ఉంటుంది, వెనకనుంచి ఎవరో ఒకరు తోసేవారు. ఒకరోజు వీధి చివర మెడికల్ షాపులో "మోకాళ్ళకి ఏమన్నా ఇయ్యప్పా" అని అడిగింది. అతనో మాత్ర ఇచ్చాడు. ఆ సాయంత్రం మేడ మీద ఆరేసిన బట్టలు తనే తెచ్చుకుంది. మా ఇంటికి నడిచొచ్చి, గడపలో నిలబడి, "చూడు, నా కాళ్ళు నాకి మళ్ళా వచ్చినాయి" అని రెండు అడుగులు అటూ ఇటూ వేసి చూపించింది.  అంత సంతోషంగా ఆమెను తర్వాత చూసింది లేదు.

అప్పటినుంచి ఆ మాత్ర భోజనంలో పచ్చడిలా రోజూ ఉండాల్సిందే అయింది. ఏళ్ళ తరబడి మింగింది. అదే కాలంలో ఫ్యాక్టరీలో పెట్టిన వైద్య శిబిరంలో ఆమెకు బీపీ ఉందని తేలింది. దానికీ మాత్ర రాసిచ్చారు. అది మాత్రం గుర్తొచ్చిన రోజు, తల తిరిగిన రోజు. "ఈ దినం బాగుండాను. సుమ్నే, ఊరికే మాత్ర యాల మింగాల?" అనేది. నొప్పి ఒంటికి తెలుస్తుంది, బీపీ తెలియదు. తెలిసేదానికి మందు వేసుకుంది, తెలియనిదాన్ని వదిలేసింది. మన ఇళ్ళలో సగం మంది చేసే పనే ఇది.

తనకు పనిచేసిన మాత్రను ఆమె ఒక్కతే దాచుకోలేదు. వీధిలో ఎవరు మోకాలు పట్టుకుని కూర్చున్నా, పర్సులోంచి మాత్రల అట్ట తీసి ఒకటి తెంచి చేతిలో పెట్టేది. మూలింటి ముసలి జేజి తీసుకుంది. ఎదురింట్లో జాకెట్లు కుట్టే టైలరమ్మ తీసుకుంది. ఆమెకు అప్పటికి నలభై ఐదో ఏమో. రోజంతా కాలితో మిషన్ తొక్కేది.

రిటైరైన కొద్ది కాలానికి అత్త పాదాలు వాచడం మొదలైంది. పొద్దున లేస్తే కళ్ళ కింద ఉబ్బు. అన్నం సయించదు. నాలుగు అడుగులకే ఆయాసం. వయసు మీద పడిందని అందరం అనుకున్నాం. ఆస్పత్రికి నేనే తీసుకుపోయాను. రక్తపరీక్ష కాగితం చూస్తూ డాక్టరమ్మ కన్నడలో అడిగింది, ఏమేం మందులు వాడుతున్నారని.

"బీపీది ఒకటే" అంది అత్త.

"ఇంకేమీ లేవా?"

"లేవమ్మా."

"నొప్పులకి?"

"అదా? అది మందు కాదు కదమ్మా, నొప్పి మాత్ర" అని పర్సులోంచి అట్ట తీసి బల్ల మీద పెట్టింది. అందులో సగం గూళ్ళు ఖాళీగా ఉన్నాయి.

డాక్టరమ్మ ఆ అట్టను తిప్పి చూసి, ఎన్నేళ్ళనుంచని అడిగింది. అత్త వేళ్ళు మడవబోయి ఆగిపోయింది. రెండు కిడ్నీలూ చాలావరకు దెబ్బతిన్నాయని, అదుపులో పెట్టని బీపీ కొంత, ఈ మాత్ర కొంత కలిసి చేసిన పని అని, ఇక వెనక్కి రావని డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పింది. అత్త కాగితాలు మడిచి పర్సులో పెట్టుకుంది. ఆటోలో సగం దూరం వచ్చాక నా చెయ్యి పట్టుకుంది.

"నేను ఇంకెవరెవరికి ఇచ్చినా?"

 ఆమె పేర్లు చెప్పుకుంటూ వచ్చింది. మా వీధి మలుపు వచ్చినా పేర్లు అయిపోలేదు.

ఆ సాయంత్రమే వాచిన కాళ్ళతో ఇంటింటికీ బయల్దేరింది. ఇంట్లో కూర్చోమని కొడుకు అరిచినా వినలేదు. నేను వెంట పోయాను. మూలింటి జేజి నవ్వేసింది. "నాకి ఎనభై వస్తాండాది. ఇప్పుడు కిడ్నీలు పోతే ఏమి, ఉంటే ఏమి? నొప్పి లేకుండా పోతే చాలు" అంది. ఆమె ఇప్పటికీ వేసుకుంటూనే ఉంది, ఇప్పటికీ బాగానే ఉంది. తనను దెబ్బతీసిన మాత్ర జేజిని ఎందుకు ఏమీ చెయ్యలేదో అత్తకు ఎన్నడూ అర్థం కాలేదు.

టైలరమ్మ నవ్వలేదు. కుడుతున్న జాకెట్టు పక్కన పెట్టింది.

"నువ్వే కదక్కా ఇచ్చినావు."

"నేనే. అందుకే వచ్చినా. నిలిపెయ్."

"నిలిపేస్తే మిషన్ ఎవరు తొక్కాల? నువ్వొచ్చి తొక్కుతావా?"

అత్త గుమ్మం మీదే కూర్చుండిపోయింది. వీధిలో పోయేవాళ్ళు చూస్తున్నా లేవలేదు. చీకటి పడ్డాక టైలరమ్మే వచ్చి చెయ్యి పట్టి లేపి ఇంటిదాకా దిగబెట్టింది. మర్నాడు ఇద్దరూ కలిసి రక్తపరీక్షకు పోయారు. టైలరమ్మకు కిడ్నీల దెబ్బ అప్పుడే మొదలవుతోంది, మాత్ర ఆపి, బీపీ చూసుకుంటే కాపాడుకోవచ్చన్నారు. ఆ రోజు అత్త తన ఆస్పత్రి సంగతి పక్కన పెట్టి, మెకానిక్‌ను పిలిపించి, టైలరమ్మ మిషన్‌కు మోటారు బిగించే దాకా అక్కడే నిలబడింది. ఆ మిషన్ మొదటిసారి కాలితో తొక్కకుండానే గిర్రున తిరిగింది. 

మెడికల్ షాపతన్నీ వదల్లేదు. "నేను అడిగితే నువ్వు ఇచ్చేదేనా? ఇన్నేళ్ళలో ఒక్కనాడన్నా చాలమ్మా అన్న్యావా?" అంది. "మీరే అడిగినారు కదమ్మా, నేనేమన్నా పిలిచి ఇచ్చినానా?" అన్నాడతను. ఆ మాటకు ఆమె తల ఊపింది. "అదీ నిజమే" అని వెనక్కి వచ్చేసింది.

తర్వాతి రెండేళ్ళూ డయాలసిస్. డయాలసిస్ సూదుల కోసం ఎడమ చేతిలో రక్తనాళాలు కలిపి కుట్టిన చోట చర్మం కింద గుర్రుమని అదిరేది. శనివారాలు నేను తోడు పోయేదాన్ని. నా వేళ్ళు అక్కడ పెట్టుకుని, "పట్టి చూడు, లోపల మిషన్ తిరుగుతాండాది" అనేది. మొదట్లో నేను చెయ్యి వెనక్కి లాక్కునేదాన్ని. తర్వాత అలవాటైంది. అన్నిటికంటే ఆమెను ఏడిపించింది దాహం. కిడ్నీలు నీళ్ళను బయటికి పంపవు కాబట్టి రోజుకు ఇంతే నీళ్ళని కొలిచి ఇచ్చేవాళ్ళు. బెంగళూరు ఎండలు కూడా ఇదివరకటిలా లేవు. నాలుక అట్టకట్టి, మాట తడబడేది. చిన్న ఐసుముక్క బుగ్గన పెట్టుకుని, అది కరిగేదాకా కళ్ళు మూసుకుని కూర్చునేది. ఒకసారి వంటింట్లో కొళాయి కింద దోసిలి పట్టి ఆపకుండా తాగేసింది. ఆ రాత్రి ఊపిరాడక ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఎందుకు తాగావని కొడుకు అడిగితే, "దప్పికైంది" అంది. అంతే.

ఆమె ఎప్పుడూ ఓర్పుగా ఉండేదని నేను చెప్పను. ఉప్పు లేని కూర చూసి గిన్నె విసిరికొట్టిన రోజులున్నాయి. పొటాషియం పోవాలని ఉడకబెట్టి నీళ్ళు వంపేసిన కూరగాయల్ని "పీచు" అనేది. చాలు, నన్ను తీసుకుపోవద్దండి అని గడియ పెట్టుకున్న రోజులూ ఉన్నాయి. తలుపు బయట కోడలు ఏడ్చేది, లోపల ఆమె ఏడ్చేది. ఆటో మాత్రం తిరిగిపోయేది కాదు. కాసేపటికి గడియ తీసేది.

ఆస్పత్రిలోనే ఒక ఫిజియోథెరపీ అమ్మాయి ఆమెకు మోకాళ్ళ వ్యాయామం నేర్పింది. కుర్చీలో కూర్చుని కాలు చాపి, నిటారుగా ఎత్తి, కాసేపు నిలిపి, దించడం. తొడ కండ గట్టిపడితే మోకాలి మీద బరువు తగ్గుతుందని చెప్పింది. అత్త అలాగే ఎత్తి, దించి, ఆ అమ్మాయి మొహంలోకి చూసింది.

"ఇంతేనా?"

"ఇంతేనమ్మా. రోజూ చెయ్యాలి, బరువు తగ్గాలి."

"ఇది నాకి ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు యాల ఎవ్వరూ చెప్పలేదు?"

ఆ అమ్మాయి రెండో కాలు ఎత్తమంది.  అన్ని వందల మంది ఆడవాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రందాకా నిలబడే చోట, కూర్చోవడానికి ఒక స్టూలు అడగాలని కూడా ఎవరికీ తోచలేదు.

ఒంట్లో ఓపిక ఉన్న సాయంత్రాలు అత్త వీధిలో ఆడవాళ్ళను మేడ మీదికి పిలిచి అదే నేర్పేది. కొందరు వచ్చారు, కొందరు టీవీ సీరియల్ వేళని రాలేదు. నన్ను మాత్రం వదిలేది కాదు. పోయినేడు నాకూ బీపీ మాత్ర మొదలైంది. రోజూ పొద్దున ఫోన్ చేసి "వేసుకున్న్యావా?" అనేది. బాగానే ఉన్నానత్తా అంటే, "బాగుండే దినమే వేసుకోవాల. బాగలేని దినం ఎవరైనా వేసుకుంటారు" అనేది. నాకు మిగిలిన ఆమె మాట అదే. ఆ మాట కోసం ఆమె చెల్లించినదాని పక్కన నా కృతజ్ఞత చాలా చిన్నది.

సోమవారం నేను చేరేసరికి అత్తను హాల్లో చాప మీద పడుకోబెట్టారు. ఎడమ చేతి మీద చెయ్యి వేసి చూశాను. ఆ అదురు లేదు. వీధి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వస్తున్నారు. వాళ్ళ కోసం చుట్టూ జంఖానా పరిచారు. వచ్చినవాళ్ళు దాని అంచున ఆగి, కిందికి చూసి, అటూ ఇటూ చూసి, నిలబడే ఉన్నారు. ఎవరికీ కింద కూర్చునే మోకాళ్ళు లేవు. మా బావ షామియానా షాపుకు పోయి ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి చుట్టూ వేశాడు. మూలింటి జేజి, టైలరమ్మ, ఫ్యాక్టరీలో ఆమెతో పనిచేసినవాళ్ళు వరుసగా కూర్చున్నారు.  కింద చాప మీద ఆమె, చుట్టూ కుర్చీల్లో వాళ్ళు. అందరి చూపూ ఆమె మీదే, అందరి అరచేతులూ మోకాళ్ళ మీద.