మిల్లు గోడ మీద మెలికల ముగ్గు

ఉమాకుమారి గారు డ్రాయింగు టీచరు. అంటే ఆవిడ లెక్కలో డ్రాయింగు టీచరు. వట్లూరులో ఆవిడ పనిచేసిన ప్రైవేటు స్కూలు లెక్కలో మాత్రం, లెక్కల మాస్టారికి పీరియడు అవసరం లేనప్పుడు పిల్లల్ని కూర్చోబెట్టే మనిషి. పరీక్షలు దగ్గర పడ్డాయంటే చాలు, ఆ మాస్టారు గుమ్మంలో ప్రత్యక్షమై, "మేడం గారూ, ఈ పీరియడు నాకిచ్చేద్దురూ" అనేవాడు. ఆ స్కూల్లో పరీక్షలు ఎప్పుడూ దగ్గరలోనే ఉండేవి. బోర్డు మీద కొంగ సగం అయ్యేసరికి ఆయన చేతిలో డస్టరు ఉండేది. ముందు కాళ్ళు పోయేవి, తర్వాత ముక్కు పోయేది. ఆ జాగాలో ఆల్జీబ్రా వెలిసేది. ఇరవై ఏళ్ళ పైచిలుకు ఆవిడ గీసిన కొంగలన్నీ ఆ డస్టరు దులిపిన దుమ్ములోనే కలిశాయి.

పుట్టింది ఏలూరులో. తండ్రి కోర్టులో గుమాస్తా. సెలవులకి కొల్లేటి ఒడ్డున ఉన్న మేనత్త ఇంటికి వెళ్తే, తోటి పిల్లలు చేపల పులుసు కోసం చూస్తుంటే ఈవిడ సంచి ముక్కు గూడబాతుల కోసం చూసేది. పాత కేలండరు కాగితాలన్నీ తిరగేసి వాటి వెనక బాతులు నింపేది. లోయరు, హయ్యరు డ్రాయింగు పరీక్షలు రెండూ పాసైంది. భర్త పోస్టాఫీసు ఉద్యోగి, ఉత్తముడు. ఏ బొమ్మ చూపించినా, చూడకముందే "బాగుందోయ్" అనేవాడు. అంతకంటే పెద్ద విమర్శ ఆవిడకి జీవితంలో దొరకలేదు.

రెండేళ్ళ కిందట స్కూలువాళ్ళు టైంటేబుల్లోంచి డ్రాయింగు తీసేశారు. "మీరు లైబ్రరీ చూసుకోండి మేడం" అన్నారు. లైబ్రరీ అంటే ప్రిన్సిపాలు గదిలో ఒక బీరువా. దాని తాళం కూడా ప్రిన్సిపాలు దగ్గరే ఉండేది. ఉమాకుమారి గారు ఆ నెలాఖరుకి మానేసి ఇంటికొచ్చి, భర్తకి కాఫీ ఇస్తూ, "ఒక్క బొమ్మ గీస్తానండీ. ఎవరూ చెరపలేని చోట గీస్తాను. అది ఎండకీ వానకీ అక్కడే ఉండాలి, నేను దాని ముందు నుంచి నడిచి వెళ్ళాలి" అంది. ఆయన అలవాటు ప్రకారం "బాగుందోయ్" అన్నాడు. అప్పుడు మాత్రం ఆ మాట ఆవిడకి నిజంగానే బాగుంది.

గోడ చూపించింది శ్రీదుర్గ. ఒకప్పుడు ఈవిడ దగ్గర చదువుకున్న పిల్లే. తాడేపల్లిగూడెం కోడలైంది. వాళ్ళ వీధికి ఎదురుగా మూతపడ్డ రైసుమిల్లుది పొడవాటి గోడ ఉంది. ఇటు చివర నిలబడితే అటు చివర మనిషి ఎవరో పోల్చుకోలేం. మిల్లు యజమాని జగన్మోహనరావు గారు చాలా మర్యాదస్తుడు, కాదనడం కూడా చేతకానంత మర్యాదస్తుడు. అందుకే ఆ గోడ అప్పటికే ఒక కోచింగు కాలేజీకి ఒప్పుకుని ఉన్నాడు. ర్యాంకులు, ఫొటోలు, ఫోను నంబర్లు రాసుకోవడానికి.

"ఒక పని చేద్దామండి మేడం గారూ" అన్నాడు. "కార్తీకం ఆఖరి ఆదివారం సాయంత్రానికి గోడ నిండా బొమ్మ కనపడిందనుకోండి, వాళ్ళని వెనక గోడకి పంపించేస్తాను. కనపడలేదనుకోండి, సోమవారం పొద్దున్నే వాళ్ళ మనుషులు వచ్చేస్తారండి. మాటిచ్చాను కదండీ మరి."

సరే అంది. ఆదివారాలు మిల్లు గచ్చు మీద, ఒకప్పుడు ధాన్యం ఆరబోసిన చోట, వర్కుషాపు పెట్టింది. "మన వీధి గోడ, మనందరి బొమ్మ" అని అట్ట మీద రాసి గేటుకి కట్టింది. మొదటి వారం శ్రీదుర్గ ఒక్కతే వచ్చింది, అదీ గురుభక్తి కొద్దీ. వీధిలో ఆడవాళ్ళంతా చేలున్న రైతుల ఇళ్ళవాళ్ళు. కోతల రోజులు. "బొమ్మలు మాకు రావండీ" అని నవ్వి తప్పుకున్నారు. అలా అన్నవాళ్ళు ప్రతి ఒక్కరూ తెల్లవారుజామునే లేచి వాకిలి కడిగి, చూడకుండా చుక్కలు పెట్టి, కోడి కూసేలోగా ముగ్గు ముగించే మనుషులే. శ్రీదుర్గ అత్తగారు వెంకటనరసమ్మ గారైతే ఎప్పుడూ మెలికల ముగ్గే. చుక్కని గీత తాకకూడదు, గీత ఎక్కడా తెగకూడదు, బయల్దేరిన చోటికే తిరిగి రావాలి. ఆవిడ పిండి జార్చుతుంటే పాలవాడు సైకిలు ఆపి, అది పూర్తయ్యేదాకా నిలబడేవాడు.

చుక్కల సంగతి చూశాకే ఉమాకుమారి గారికి దారి దొరికింది. ఖాకీ కాగితాల మీద బొమ్మ గీసి, గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, గోడకి అతికించి, పల్చటి గుడ్డమూటలో బొగ్గుపొడి పోసి తడితే చాలు. కాగితం తీసేసరికి గోడ మీద చుక్కల్లో బొమ్మ ఉంటుంది. చుక్కలు కలిపి రంగు వేసుకోవడమే. "చుక్కలు కలపడమే కదండీ" అనగానే వీధి వీధంతా కదిలొచ్చింది.

బొమ్మ ఏమిటన్నది అందరూ కలిసి అనుకోవాలి. అనుకున్నారు కూడా. మెట్టన జంగారెడ్డిగూడెం పామాయిలు తోటల దగ్గర మొదలై, తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మీదుగా, వరి చేల మీదుగా కొల్లేటి దాకా రావాలన్నారు. ఒకావిడ తన గేదెని పెట్టమంది. ఇంకొకావిడ ఫలానా రోడ్డు గుంతని పెట్టమంది, మునిసిపాలిటీవాళ్ళు చూస్తారని. వెంకటనరసమ్మ గారు అందరూ మాట్లాడాక, మొహమాటపడుతూ అడిగింది.

"టీచరు గారూ, నేను పెట్టే మెలికల ముగ్గు ఒకటుందండీ. ఏదో ఒక మూలన చిన్నది పెట్టకూడదాండీ?"

"ముగ్గు వేరు, చిత్రం వేరు కదా పిన్నిగారూ" అంది ఉమాకుమారి గారు, చాలా మెత్తగా. మెత్తగా అన్నా తగలాల్సిన చోట తగిలింది. ముసలావిడ "మరేనండీ" అని ఊరుకుంది.

ఇక్కడ ఉన్నమాట చెప్పాలి. "మనందరి బొమ్మ" అని అట్ట మీద రాసిన మనిషి ఇంటికెళ్ళి తన బొమ్మే గీసుకుంది. సరస్సు, సంధ్యాకాశం, బారులు తీరిన గూడబాతులు. గేదెకి చోటు లేదు, గుంతకి అసలే లేదు. ఇరవై ఏళ్ళు డస్టరు చూసిన మనిషికి ఆ మాత్రం ఆశ ఉండటం తప్పని ఎవరూ అనలేరు. కాకపోతే వీధివాళ్ళని మూట తట్టడానికే పిలిచినట్టయింది. వాళ్ళు మాత్రం పల్లెత్తు మాట అనలేదు. శనివారం సాయంత్రానికి గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా బొగ్గు చుక్కల్లో కొల్లేరు దిగింది. ఉమాకుమారి గారు వీధికి అటువైపు నిలబడి చూసుకుని, కళ్ళు తుడుచుకుంది. చిల్లుల కాగితాలు చుట్టి వెంకటనరసమ్మ గారి చేతిలో పెట్టి, "వీటితో ఇక పనిలేదు పిన్నిగారూ, నీళ్ళ పొయ్యిలోకి వాడేసుకోండి. రేపు పొద్దున్నే అందరం రంగులేద్దాం" అని ఏలూరు రైలెక్కింది.

కార్తీకం ఆఖరి ఆదివారం, మొదటి రైలుకే డబ్బాలు, కుంచెలు వేసుకుని వచ్చింది. వీధి మలుపు తిరిగింది. గోడ తెల్లగా ఉంది. తెల్లగా, తడిగా, చంటిపిల్లకి తల స్నానం చేయించినట్టు నిగనిగలాడుతూ ఉంది. గోడ కింద వెంకటనరసమ్మ గారు రబ్బరు గొట్టం చుట్టుకుంటూ, పక్కన కొబ్బరి చీపురుతో, ముఖమంతా నవ్వుగా నిలబడి ఉంది.

"రండి టీచరు గారూ. మీరొచ్చేసరికి సిద్ధంగా ఉండాలని నాలుగింటికే లేచి మోటారు వేశానండీ. ఆ పైదాకా శుభ్రంగా కడిగేశాను."

ఉమాకుమారి గారు డబ్బాలు కింద పెట్టేసింది. "చుక్కలేవండీ?" అంది.

"నిన్నటి చుక్కలు కదండీ" అంది ముసలావిడ, ఇందులో అడగడానికేముందన్నట్టు. "నిన్నటి ముగ్గు మీద ఇవాళ రంగు ఎలా వేస్తామండీ? తప్పు కదా. కడిగి కొత్తగా పెట్టుకోవద్దూ?"

"కాగితాలు?"

"మీరే చెప్పారు కదండీ. నీళ్ళు కాచేశాను."

గేటు పక్కన అరుగు ఉంటే దాని మీద కూలబడిపోయింది ఉమాకుమారి గారు. ఈ చేతులతో ఎన్నాళ్ళు కూర్చుని పొడిచిన చిల్లులో ఆవిడకే తెలుసు. "ఎంత పని చేశారండీ పిన్నిగారూ, ఎంత పని చేశారు" అంటూ బాహాటంగా ఏడ్చింది. సాయంత్రానికి రావుగారు వస్తాడు. రేపు ర్యాంకులవాళ్ళు వస్తారు. ఈసారి డస్టరు బదులు రబ్బరు గొట్టం, అంతే తేడా అనుకుంది.

శ్రీదుర్గ పరుగెత్తుకొచ్చి, సంగతి అర్థమై, "అత్తయ్యగారూ, అది ముగ్గు కాదండీ" అని మాత్రం అనగలిగింది. వెంకటనరసమ్మ గారి ముఖం వాడిపోయింది. కాసేపు గొట్టాన్ని చూసింది, గోడని చూసింది, టీచరు గారిని చూసింది. తర్వాత ఆవిడ పక్కనే అరుగు మీద కూర్చుంది.

"నాకు తెలీదండీ. పెళ్ళై ఈ వీధిలో అడుగుపెట్టిన దగ్గర్నుంచి నేను పెట్టింది మర్నాడు నేనే కడుక్కుంటున్నాను. గీసిన ముగ్గు మర్నాటికి ఉంచుకుంటారని నాకు తోచలేదండీ."

ఉమాకుమారి గారు ఏడుపు ఆపి ఆవిడకేసి చూసింది. సగం కొంగ, కాళ్ళు లేని కొంగ, ముక్కు లేని కొంగ, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. తనవి ఎవరో చెరిపేవారు. ఈవిడ రోజూ తనవి తానే చెరుపుకుంది, అదీ సంతోషంగా. పైగా ఒక్కసారి, ఒక మూలన చోటడిగితే, ముగ్గు వేరు చిత్రం వేరని చెప్పిన మహానుభావురాలు ఎవరయ్యా అంటే తనే. సిగ్గేసింది. లేచి, సంచీలోంచి బొగ్గుముక్క తీసి ముసలావిడ చేతిలో పెట్టింది.

"పిన్నిగారూ, మీ మెలికల ముగ్గు పెట్టండి. మూలన కాదు. గోడంతా."

"అంతానా అండీ?"

"ఆ చివర దాకా."

పెట్టడం అనుకున్నంత తేలిక కాలేదు. వంగి నేల మీద వేసిన చెయ్యి, నిలబడి గోడ మీద వేయాలంటే బెదిరింది. మొదటి వరస చుక్కలు ఏటవాలుగా ప్యాసింజరు రైలు మలుపు తిరిగినట్టు పోయాయి. అప్పుడు ఉమాకుమారి గారు నూలు తాడుకి బొగ్గు రాసి, ఒక చివర తను, ఒక చివర శ్రీదుర్గ పట్టుకుని, గోడ మీద తాడు కొట్టి గీతలు దించారు. గీతల మీద చుక్కలు తిన్నగా నిలబడ్డాయి. నిచ్చెన మీదున్న వాళ్ళకి కింద నుంచి వెంకటనరసమ్మ గారు, "చుక్కని తాకొద్దమ్మా, చుట్టి రా, చుట్టి రా" అని చెబుతూంటే, ఉమాకుమారి గారు వీధికి అటువైపు నిలబడి, "ఎడమ పక్క జారుతోందండీ" అని అరుస్తూ ఉంది. పొద్దెక్కేసరికి ఒక్క గీత, తెగకుండా, గోడంతా మెలికలు తిరిగి వచ్చింది.

దానికి నీలం వేశారు. వేశాక గానీ ఎవరికీ తట్టలేదు, అది కాలవలా ఉందని. మెట్ట నుంచి దిగి, చేల చుట్టూ తిరిగి, కొల్లేటికి పోయే కాలవ. ఇక చుక్కలున్న చోటల్లా ఇంటికొక బొమ్మ. ఒక చుక్కలో పామాయిలు గెల, ఒకదాంట్లో ఉల్లిపాయ, ఒకదాంట్లో వరి కుప్ప. గేదె వచ్చింది. ఫలానా గుంత కూడా, నీళ్ళతో సహా వచ్చింది. చివరన, కొల్లేరు ఉండాల్సిన చోట ఒక చుక్క ఖాళీగా ఉంచారు. "అది మీదండీ టీచరు గారూ" అన్నారు. ఉమాకుమారి గారు అక్కడ ఒక గూడబాతుని గీసింది. ఒక్కటే. కాళ్ళతో, ముక్కుతో, పూర్తిగా.

సాయంత్రం జగన్మోహనరావు గారు బండి దిగి, గోడ ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి, మళ్ళీ వెనక్కి నడిచి, గుంత దగ్గర ఆగి గట్టిగా నవ్వాడు. అక్కడే ఫోను తీశాడు. "ఆయ్, నేనేనండి. వెనక గోడకి వచ్చెయ్యండి రేపు. ఆఁ, ముందుది నిండిపోయిందండి" అన్నాడు.

ఉమాకుమారి గారికి రాత్రంతా నిద్ర సరిగా పట్టలేదు. పనేమీ లేకపోయినా సోమవారం మొదటి రైలుకే మళ్ళీ వచ్చింది. మలుపు తిరిగేసరికి, గోడ ముందు బకెట్టు, చీపురు పట్టుకుని వెంకటనరసమ్మ గారు. గోడ కింది భాగమంతా తడిసి నీళ్ళు కారుతున్నాయి. ఉమాకుమారి గారు మలుపులోనే ఆగిపోయింది.

ముసలావిడ తిరిగి చూసింది. చీపురు జారవిడిచి, గబగబా వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. కళ్ళ నిండా నీళ్ళు.

"కడిగి చూశానండీ టీచరు గారూ. పోలేదండీ. రెండుసార్లు కడిగాను. నేను పెట్టింది అక్కడే ఉందండీ."