వంట ఎవరిదైతే బ్యాండ్ వారిది

ఆ రోజుల్లో నాకు కోపమంటే మహా ఇష్టం. సొంత కోపం కాదు, దానికి ధైర్యం కావాలి. నేను పుట్టక చాలా ముందు ఇంగ్లండులో కొందరు కుర్రాళ్ళు గిటార్లు పట్టుకుని పడ్డ కోపం. దాన్ని పంక్ అన్నారు. కాకినాడలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు, నలుగురిలో వేరుగా కనిపించాలన్న తాపత్రయంతో ఆ పాటలు మొదలుపెట్టి, నిజంగానే వాటిలో పడిపోయాను. తర్వాత మస్కట్ వచ్చి అజైబాలో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో డ్రాయింగులు గీసే ఉద్యోగంలో చేరాను. రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఉన్నవాటన్నిటినీ కూల్చెయ్యమని అరిచే పాటలు చెవుల్లో పెట్టుకుని బయల్దేరేవాణ్ని. ఆఫీసు గుమ్మం దగ్గర వాటిని తీసి జేబులో వేసుకుని, మేనేజరు నన్ను చూడకముందే ఆయనకు నమస్కారం పెట్టేవాణ్ని. అందులో తేడా ఏదైనా ఉందని అప్పట్లో నాకు తోచలేదు.

ఘుబ్రాలో మా రూమ్. అందులో ముగ్గురం. వరసకు మేనమామ అయ్యే మామయ్య ఒక సూపర్ మార్కెట్లో సూపర్‌వైజరు. ఆయనకు సాయంత్రం ఇంట్లో నిశ్శబ్దం తప్ప మరే సంగీతమూ అక్కర్లేదు. రెండోవాడు జగిత్యాల అన్న, సైట్లో ఎలక్ట్రీషియన్. ఈ అన్నకు పంక్ అంటుకున్న తీరు వేరు. తనను రోజూ సైటుకు తీసుకెళ్ళే తెల్ల ఇంజనీరు కారులో ఆ పాటలే మోగేవట. ఆ పెద్దమనిషి ఉద్యోగం మానేసి వెళ్తూ పాటలున్న పెన్‌డ్రైవ్ అన్న చేతిలో పెట్టాడు. మాటలు ఒక్కటీ అర్థం కాకపోయినా అన్న వాటిని పూజలా వినేవాడు. (నాకు మాత్రం అన్నీ అర్థమయ్యాయా అంటే, ఆ సంగతి ఇప్పుడెందుకు.) మా రూమ్‌లో ఒక ఆచారం ఉండేది. ఆ పూట వంట ఎవరిదైతే స్పీకరు వాళ్ళది. పొయ్యి ముందు నిలబడి చెమట కార్చేవాడికి ఆమాత్రం హక్కు ఉండాలని మామయ్యే పెట్టిన నియమం. ఆయన వంతు వచ్చిన రోజు స్పీకరు తీగ పీకేసి వండేవాడు.

చిక్కు ఏమిటంటే, నా బ్యాండు ఒకటి, అన్న బ్యాండు ఒకటి. నాది అన్నిటికన్నా ముందు రాజుకుని, ఒకే ఒక్క ఆల్బం చేసి, తమలో తామే కొట్టుకుని విడిపోయినది. అన్నది అదే ఊళ్ళో అదే కాలంలో మొదలై, నెమ్మదిగా వాయించడం నేర్చుకుని, జమైకా వాళ్ళ రెగ్గే సంగీతం కలిపి, ఇంకా ఏవేవో కలిపి ఏళ్ళ తరబడి నిలబడ్డది. పేర్లు రాయను. తెలిసినవాళ్ళకు ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది, తెలియనివాళ్ళు ఈ జబ్బు లేకుండా హాయిగా ఉన్నారు.

"చరిత్రలో మొదటి దెబ్బ కొట్టినవాడిదే పేరు అన్నా," అనేవాణ్ని నేను. "గిటారు రాకపోయినా స్టేజి ఎక్కొచ్చని ప్రపంచానికి చెప్పింది వాళ్ళే. వాళ్ళని చూసి ఊరూరా ఎంతమంది కుర్రాళ్ళు బ్యాండ్లు పెట్టారో."

"కరెంటు పని రానోడు కరెంటు ముడితే సచ్చిపోతడు తమ్మీ," అనేవాడు అన్న, ఉల్లిగడ్డలు తరుగుతూ. "గుద్ది పోవుడు అందరికొస్తది. కట్టుడు కష్టం. నీవోళ్ళు ముసలోళ్ళయినంక పైసల కోసం మల్ల స్టేజి ఎక్కిండ్రంట గద?"

ఆ మాట నాకు వినబడనట్టు ఉండేవాణ్ని. "మరి మీవాళ్ళు పాటని ప్యాంట్ల ప్రకటనకి ఇచ్చుకున్నారుగా," అని తిరగబడేవాణ్ని.

"ప్యాంటు లేకుంట తిరుగుతరా ఎవరన్న," అని అన్న శాంతంగా పోపు వేసేవాడు.

అలా ఎంతకాలం సాగేదో కాని, అన్న పనిచేసే కంపెనీ మూతపడింది. సైటు ఆగింది, క్యాంపులో ఉన్నవాళ్ళని ఖాళీ చేయించారు, అందరి వీసాలూ క్యాన్సిల్ కొట్టి టికెట్లు ఇస్తామన్నారు. ఆలోపల ఇంకో కంపెనీ తీసుకుంటే అన్న ఇక్కడే ఉంటాడు, లేకపోతే విమానం ఎక్కాలి. అన్న వాళ్ళ పాప కరీంనగర్‌లో అప్పుడే నర్సింగ్‌లో చేరింది. "ఆమె చదువు అయ్యేదాంక నేనీడ నిలవడాలె తమ్మీ, గంతే," అన్నాడు నాతో ఒక్కసారి. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఎండలో కంపెనీ కంపెనీకీ తిరిగి వచ్చి, ఊరికే కూర్చుని తినబుద్ధి కావడం లేదని రోజూ వంట తనే మొదలుపెట్టాడు. ఆయన దిగులు నాకు కనబడుతూనే ఉంది. దాంతోపాటు ఇంకో సంగతీ ఉంది. వంట రోజూ ఆయనదే కాబట్టి బ్యాండూ రోజూ ఆయనదే.

ఒకవైపు మనిషి బతుకు తలకిందులవుతుంటే నేను స్పీకరు కోసం అలిగాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగానే ఉంది కాని, అన్న మాత్రం దానికి సంతోషించాడు. అందరూ ఆయనతో రోగి దగ్గర మాట్లాడినట్టు మెల్లగా మాట్లాడుతున్నారు అప్పటికి. పోట్లాటకు వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. "శుక్రవారం తేల్చుకుందాం," అన్నాడు. ఇద్దరూ చెరొక పూట వండాలి, తమ బ్యాండు పెట్టాలి, మామయ్య తీర్పు చెప్పాలి. ఓడినవాడు గెలిచినవాడు చెప్పినట్టు జుట్టు కత్తిరించుకోవాలి.

శుక్రవారం పొద్దున నేను వండాను. నా బ్యాండు పాటలు ఎంత పొట్టివంటే ఒక పాట అయ్యేసరికి ఉల్లిపాయ రంగు కూడా మారలేదు. ఆ ఊపులో నేనూ తొందరపడి, పచ్చిపప్పు దింపేశాను. సాయంత్రం అన్న చింతపండు పులుసు పెట్టాడు. రెగ్గే పాటలు నింపాదిగా నడుస్తుంటే పులుసు కూడా వాటితోపాటే మరిగింది.

మామయ్య చేయి కడుక్కుని వచ్చి తీర్పు చెప్పాడు. "ఒరేయ్, నాకు ఇద్దరూ గొంతునొప్పితో అరుస్తున్నట్టే ఉన్నార్రా. కాకపోతే రెండోవాళ్ళు వంట ఉడికేదాకా ఆగారు. వాళ్ళే గొప్ప."

అన్న కోరిక నాకు ఇంకా గుర్తుంది. "నీ బ్యాండోళ్ళ లెక్కనే కొట్టించుకో. గంత ప్రేమ ఉన్నోనివి, సిగ్గేంది?" అన్నాడు. నిజమే, అంత ప్రేమ ఉండి ఒక్కరోజైనా అలా తిరగాలని నేను అనుకోలేదు. ఆ రాత్రే ఘుబ్రా సెలూన్లో మలయాళీ అతను నా ఫోనులో ఫోటో చూసి, "షాదీ హై క్యా?" అని అడిగాడు. రెండు పక్కలా గీకి, నడినెత్తిన మిగిలినదాన్ని జిగురు రాసి మేకుల్లా నిలబెట్టాడు. ఇక్కడ శుక్ర, శనివారాలు సెలవు కాబట్టి శనివారం సాయంత్రం గుండు చేయించుకుని, ఆదివారం డ్యూటీకి టోపీతో పోవచ్చని నా ఆలోచన.

శనివారం పొద్దున్నే మా ఆఫీసు నుంచి ఫోన్. మెయింటెనెన్స్ మేనేజరు, లక్నో ఆయన. అన్న గురించి ఆయన చెవిలో ఎప్పుడో వేసి ఉంచాను. మధ్యాహ్నం సలాలా సైటుకు పోతున్నానని, మనిషిని ఇప్పుడే తీసుకురమ్మని అన్నాడు. తెలిసినవాడు వెంట వచ్చి పూచీ ఉంటే తప్ప ఆయన ఎవరినీ తీసుకోడు. సెలూను తెరవడానికి ఇంకా చాలాసేపుంది. నా నెత్తి వంక చూసి అన్న నవ్వలేదు. మూల ఉన్న తన సైటు హెల్మెట్ తీసి నాకిచ్చాడు.

అలా ఏసీ గదిలో, పసుపు హెల్మెట్ పెట్టుకుని, ఇస్త్రీ చొక్కాతో లక్నో ఆయన ముందు కూర్చున్నాను. ఆయన ఒకసారి పైకప్పు వైపు చూసి, అది నా మీద పడుతుందని ఎవరైనా చెప్పారా అని హిందీలో అడిగాడు. తియ్యక తప్పలేదు.  తర్వాత ఆయన అన్న వైపు తిరిగి, "నీ పూచీ ఇతనా?" అన్నాడు.

"అచ్ఛా ఆద్మీ హై సాబ్," అన్నాడు అన్న లేచి నిలబడి. "షర్త్ హార్ గయా. పందెం ఓడిండు సాబ్. మాట ఇచ్చిండని నిలబెట్టుకుండు. ఇయ్యాల డ్యూటీ లేదు సాబ్, రేపటికి తీసేస్తడు." హిందీ అయిపోయి మధ్యలో తెలుగులోకి వచ్చేశాడు పాపం. ఉద్యోగం కోసం వచ్చినవాడు తన సంగతి వదిలేసి నా ఉద్యోగం కాపాడుతున్నాడు. నాకు అక్కడే ఏడుపొచ్చింది, ఆ జుట్టుతో ఏడిస్తే ఇంకా బాగుండదని ఆపుకున్నాను.

లక్నో ఆయన నవ్వాడు. అన్న కాగితాలు చూశాడు, పని గురించి నాలుగు ప్రశ్నలు అడిగాడు, జవాబులకు తలూపాడు. కబురు చేస్తానన్నాడు. కబురు రాలేదు. సలాలా నుంచి వచ్చాక నేనే వెళ్ళి అడిగితే, పైవాళ్ళు కొత్తవాళ్ళను తీసుకోవద్దన్నారని, నా జుట్టుకూ దానికీ సంబంధం లేదని చెప్పాడు. మంచివాడు కాబట్టి అలా చెప్పాడేమో అనే అనుమానం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఇంకే కంపెనీ తీసుకోలేదు. అన్నను ఎయిర్‌పోర్టులో దింపడానికి మామయ్యా నేనూ వెళ్ళాం. నా నున్నటి గుండు నిమిరి, "చల్లగున్నదా?" అని మాత్రం అడిగి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రూమ్‌లో వంట వంతులు మామయ్యకూ నాకూ పడ్డాయి. నా వంతు రోజు నా బ్యాండు ఎంత గట్టిగా పెట్టినా ఎవరూ అడ్డు చెప్పలేదు. అంత చప్పని గెలుపు నేను ఇంకెప్పుడూ చూడలేదు.

ఈమధ్య అన్నకు ఫోన్ చేశాను. జగిత్యాలలో మోటార్లు బాగుచేసే దుకాణం పెట్టాడు. అంతంతమాత్రంగా నడుస్తోంది. పాప చదువు మధ్యలో ఆపి ఒక మందుల షాపులో కూర్చుంటోందట.  ఆయన మనసు కాస్త తేలికపడుతుందేమోనని, "అన్నా, ఒప్పుకుంటున్నా. మీ బ్యాండే గొప్పది," అన్నాను.

అవతల తిరుగుతున్న మోటారును ఆపేశాడు.

"ఒప్పుకోకు తమ్మీ," అన్నాడు. "నువ్వు సుత ఒప్పుకుంటే ఇగ నాతోటి కొట్లాడేటోడు ఎవడుంటడు?"

అజైబాలో ఆఫీసు ముందు కారు ఆపుకుని, మెడలో టైతో, మొదటి దెబ్బ కొట్టినవాడి గొప్పతనం గురించి మళ్ళీ మొదలుపెట్టాను. ఒక్కరోజు నడినెత్తిన మేకులు మోసిన నేను అప్పట్లో రూమ్‌లో ఎంత గట్టిగా అరిచేవాణ్నో, అంత గట్టిగానే అరిచాను.