జిల్లేడు పాలు, పురుగు ఓపిక

ఆ రోజుల్లో, జాబితా రాసుకుంటే తప్ప ఏ సంగతైనా జరిగినట్టు నాకు నమ్మకం కుదిరేది కాదు. ములకలపల్లి అవతల అడవి అంచు పల్లెలో ఆ ఉదయం ఉన్నవి ఇవి: పద్నాలుగు మంది రైతులు, మా జీపు డ్రైవరన్న, కట్టెల మోపుతో పోతూ ఆగిన ఒక అవ్వ, ఒక జిల్లేడు మొక్క, దాని మీద చారల పురుగు, వ్యవసాయ డిప్లొమా ముగించి ఉద్యోగంలో చేరి మూడు వారాలైన నేను.

పశువులు మూతి పెట్టని జిల్లేడును పురుగు ఎలా తింటుందో చూపించడం నా పని. అది ముందు ఆకు నడి ఈనెను కొరికింది. పాలు బొట్లుబొట్లుగా కారిపోయేదాకా ఆగి, అప్పుడు ఆకు కొసన మేత మొదలుపెట్టింది. (లోపలికి పోయిన కాస్త విషాన్నీ ఒంట్లో దాచుకుంటుంది, ఇక పిట్టలు దాని జోలికి రావు.) అక్కడితో ఆపితే నేను నేనెలా అవుతాను? ఇంకో ఆకు ఈనెను గోటితో గిల్లి, పాలు చూపిస్తూ ఉపన్యాసం అందుకున్నాను. చెమట కుడి కంట్లోకి జారింది. పాలంటిన వేలితోనే తుడుచుకున్నాను.

"అయ్యో సారూ, ఏం జేస్తివి!" అంటూ అవ్వ మోపు కింద పడేసింది. ఎవరో ఆముదం పోద్దామన్నారు. "ఆముదం లేదు, ఏం లేదు! నీళ్లు తేండ్రి జల్దీ!" అని కసిరింది. బోరింగు దగ్గర చెంబు తర్వాత చెంబు పోశారు. "ఎన్నయినయ్?" అని అడిగాను. "లెక్క బంజెయ్ సార్, ముందు కన్ను తెరువ్!" అన్నాడు డ్రైవరన్న. పన్నెండో చెంబుకు మంట తగ్గింది. దాంతోపాటు చూపూ తగ్గింది. ఆ కంటికి అవ్వ ముఖం తెల్లటి పొగలో మునిగిపోయింది.

పాల్వంచ దవాఖానాకు జీపు పరుగు తీసింది. కన్ను నలుపుకోకుండా నా చెయ్యి పట్టుకొని అవ్వ పక్కనే కూర్చుంది. ఎడమ కన్ను మూసి కిలోమీటరు రాళ్లు చదవబోయాను. ఒక్కటీ కనబడలేదు.

"అవ్వా, కన్ను పోతదా?"

అవ్వ నా చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. "పురుగు గంతసేపు ఆగింది గద బిడ్డా. నువ్వు చెయ్యి కడుక్కునేదాకన్న ఆగకపోతివి" అంది. డ్రైవరన్న కిసుక్కున నవ్వాడు. నేనూ నవ్వబోయాను గానీ ఏడుపొచ్చింది.

డాక్టరు మళ్లీ కడిగి, చుక్కలు వేసి, "నీళ్లు పోసి మంచి పని చేసిండ్రు. చూపు సంగతి ఇప్పుడే చెప్పలేను, ఆగాలె" అన్నాడు. నాకు రానిదే అది.

కన్ను పోతుందన్న భయంలోనూ చెంబులు లెక్కపెట్టిన ఆ కుర్రాడి మీద ఇప్పుడు కోపం రాదు. భుజం మీద చెయ్యి వేసి పక్కన కూర్చోబెట్టుకోవాలనిపిస్తుంది. కుడి కంటికి చూపు పూర్తిగా తిరిగి రావడానికి పట్టింది తొమ్మిది రోజులు.