నేను కొట్టేసిన పేరు

మా నాయనమ్మకు కాగితాల మీద రెండు పేర్లు, ఒక ఖాళీ ఉన్నాయి. ములకలపల్లి వైపు ఆమె పుట్టినూరి పహాణీలో, అంటే ఏ పొలం ఎవరిదో ఏటా రాసే పుస్తకంలో, ఒక పేరు. బూర్గంపాడు దగ్గరి మా ఊరి ఓటర్ల జాబితాలో ఇంకో పేరు. పంచాయతీ చావుల రిజిస్టరులో అసలు పేరే లేదు. మా నాన్న పేరు రాసి పక్కన ‘తల్లి’ అని పెట్టారు. ఆ పేర్లు ఇక్కడ రాయను. అవి ఒక్క మనిషివేనని చూపడానికి తిరిగి తిరిగి ఓడిపోయినదాన్ని. ఇప్పుడు రాసి ఎవరికి చూపాలి?

కొత్త కోడలికీ అత్తకూ ఒకే పేరుంటే మా ఇళ్లల్లో కోడలి పేరు మార్చేవాళ్లు. కోడల్ని కేకేసినా తిట్టినా అత్త పేరు నోట్లోకి వస్తుంది, అది మర్యాద కాదని. నాయనమ్మ కాపురానికి వచ్చిన రోజే ఆమె పేరు మారింది. ఆమెను అడిగారని ఎవరూ చెప్పగా నేను వినలేదు. అత్త పోయాక పాత పేరు ఆమెకు తిరిగి ఇద్దామన్న ఆలోచనా ఎవరికీ రాలేదు.

పెళ్లిలో వాళ్ల నాన్న ఆమెకు పసుపు కుంకుమల కింద రెండెకరాలు ఇచ్చాడు. దున్నింది ఆమె తమ్ముడు. ఏడాదికోసారి బండి కట్టుకొని రెండు బస్తాల వడ్లు, ఒక చీర తెచ్చి ఇచ్చేవాడు. ఆమె పోయిన ఏడు బండి రావడం ఆగిపోయింది. కాగితంలో మాత్రం పొలం ఆమె పేరునే ఉండిపోయింది. ఆ తమ్ముడి మనవడు, నాకు వరసకు మరిది, ఈమధ్య దాన్ని తన పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టాడు. అందులో ఆ పేరుగల ఆడపిల్ల పెళ్లి కాకుండానే పదేళ్ల వయసులో చనిపోయిందని రాశాడు. పెళ్లి కాని పిల్లయితే ఆస్తి తమ్ముడిదే కదా.

అభ్యంతరాలు చెప్పడానికి ముప్పై రోజులు గడువు. సంగతి నాకు తెలిసేసరికి తొమ్మిది రోజులు అయిపోయాయి. బస్సెక్కి అతని ఇంటికి వెళ్లాను.

“కూర్చో వదినా, చాయ తాగు,” అన్నాడు.

“చాయకు రాలేదు. మీ తాత అక్క పదేళ్లకే పోయిందని ఎవరు చెప్పారు నీకు?”

“మా నాయన చెప్పిండు. అమ్మోరు పోసి పోయిందట.”

“మరి మీ తాత ఏడాదికోసారి బండి కట్టుకొని మా ఇంటికి చీర తెచ్చింది ఎవరికి?”

“నాకేం ఎరుక? మీ ఊర్ల చీరెలు కట్టేటోళ్లు ఒక్కలేనా?” అని నవ్వాడు. “నువ్వు పంతులమ్మవు. మాటలెందుకు, కాగితం తీసుకరా.”

పొలం మీద ఆశ లేదని చెప్పను. కానీ నన్ను పెంచిన మనిషిని, ఆరుగురు పిల్లల్ని కని నలుగురిని దక్కించుకున్న మనిషిని, పదేళ్లకే చచ్చిపోయిందని సర్కారు కాగితంలో రాయనివ్వకూడదనుకున్నాను. ఆఫీసులో డిప్యూటీ తహశీల్దారు చెప్పిందీ మరిది అన్న మాటే, కాగితం తెమ్మని. “రెండు పేర్లు ఒక్కరివే అని ఉన్న కాగితం ఒక్కటి చాలమ్మా. పాతదై ఉండాలె.”

పంచాయతీలో అడిగాను. లేదు. మా నాన్న దస్తావేజులన్నీ తీశాను. లేదు. ఆమెను పుట్టింటి పేరుతో ఎరిగినవాళ్లు ఒక్కరూ బతికి లేరు. ఇరవై మూడో రోజున నా ఇనప్పెట్టె తెరిచాను. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు మా ఊరి ఓటర్ల లెక్క నాకే అప్పజెప్పారు. ఇల్లిల్లూ తిరిగి రాసుకున్న పుస్తకం నకలు దాచుకున్నాను. మా ఇంటి నంబరు కింద నాలుగో వరసలో నాయనమ్మ పుట్టింటి పేరు ఉంది. దాని మీద అడ్డంగా ఒక గీత. పైన అత్తింటి పేరు. పక్కన, నియమం ప్రకారం, నా పొట్టి సంతకం.

చూడగానే గుర్తొచ్చింది. ఆ రోజు ఆమె అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. “బిడ్డా, ఈసారి నా పేరు రాయి. మా నాయన పెట్టింది,” అని చెప్పింది. రాశాను. సాయంత్రం మొత్తం కూడుతుంటే పాత జాబితాతో కలవలేదు. ఆ పేరు ఉంచాలంటే ఒకరిని తీసేసినట్టు ఒక ఫారం, ఒకరిని చేర్చినట్టు ఇంకో ఫారం నింపాలి. పైవాళ్లకు సంజాయిషీ రాయాలి. కొట్టేశాను.

“పాత లిస్టులో ఉన్నదే ఉండాలి నాయనమ్మా,” అన్నాను.

“అవ్ లే బిడ్డా. నీ లెక్క తప్పొద్దు,” అంది. గింజలు తీస్తూనే ఉంది.

నా జాబితాలో ఒక్క తప్పూ రాలేదని ఆ ఏడు మెచ్చుకున్నారు. ఆ మాట ఎన్నో ఏళ్లు నలుగురికీ చెప్పుకున్నాను.

ఇరవై ఆరో రోజున పుస్తకం తీసుకెళ్లి డిప్యూటీ ముందు పెట్టాను. మరిదినీ పిలిపించారు.

“ఈ రాత మీదేనా అమ్మా?”

“నాదే.”

“కొట్టేసింది కూడా మీరేనా?”

“నేనే.”

మరిది మెడ చాచి పేజీలోకి చూశాడు. “నేను ఏం తీసెయ్యలే వదినా. తీసేసింది నువ్వే. నీ దస్కతే ఉంది,” అన్నాడు. ఈసారి నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఎందుకు కొట్టేశారో రాసివ్వమని డిప్యూటీ తెల్లకాగితం ఇచ్చింది. పొరపాటున అని రాయొచ్చు. ఇంట్లో పెద్దలు చెప్పారని రాయొచ్చు. వాళ్లెవరూ లేచొచ్చి కాదనరు. రెండు ఫారాలు నింపే పని తప్పుతుందని కొట్టేశానని రాసి సంతకం పెట్టాను. డిప్యూటీ దాన్ని రికార్డు కోసం పైకి చదివింది. మరిది వింటూ నిలబడ్డాడు.

ఆర్డరు పోస్టులో వచ్చింది. హక్కు అడిగే మనిషి తానే రాసి, తానే కొట్టేసిన పేరు సాక్ష్యంగా చెల్లదట. సదరు స్త్రీ అవివాహితగా బాల్యంలో మరణించినట్టు భావించడమైనదట. పొలం మరిది పేరుకు మారింది.

అప్పీలుకు గడువు ఇంకా ఉందని, మంచి వకీలు దగ్గరికి తీసుకెళ్తానని మా అబ్బాయి అంటున్నాడు. వద్దన్నాను. అక్కడ కూడా మొదట అడిగేది అదే. ఎందుకు కొట్టేశావని. మరిది ముందు ఆ జవాబు రెండోసారి చెప్పలేను.